ఎక్కిన మెట్లే దిగాలా?

ఆదివారం పొద్దున్నే ఇంట్లో గొడవ. కారణం కీబోర్డు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇక్కడే నర్సీపట్నంలో కీబోర్డు నేర్చుకుంటోంది. ఆ రోజు ఏ మైనర్ స్కేలు వాయిస్తోంది. పైకి వెళ్లేటప్పుడు రెండు నల్ల మెట్లు నొక్కింది. కిందికి వచ్చేటప్పుడు అన్నీ తెల్లవే. పేపరు చదువుకుంటున్న నాకు చెవిలో ఏదో గుచ్చుకుంది. చిన్నప్పుడు అమ్మ దగ్గర నాలుగు సరళీస్వరాలు నేర్చుకున్న పెద్దమనిషిని కదా!

"తప్పు వాయిస్తున్నావు. ఎక్కిన మెట్లే దిగాలి" అన్నాను.

"పుస్తకంలో ఇలాగే ఉంది నాన్నా. మెలోడిక్ మైనర్ అంటే ఇంతే."

"పుస్తకం మీదికి నెట్టకు. ఇందుకేనా ఫీజు కడుతున్నది?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. స్విచ్చి కట్టేసి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "ఏటిరా, పిల్లని ఏడిపించావు? భైరవి రాగం మర్చిపోయావా?" అంటూ ఆరోహణ, అవరోహణ పాడి వినిపించింది. ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. "మరి భైరవి కూడా తప్పేనా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

అమ్మాయి పుస్తకం తెరిచాను. మామూలు మైనర్ స్కేలు మన నఠభైరవి స్వరాలే. అందులో నిషాదానికీ పై షడ్జమానికీ దూరం ఎక్కువ. స్వరం షడ్జమం మీదికి గట్టిగా లాగదు. అందుకని నిషాదాన్ని అర మెట్టు పెంచారు. అది కీరవాణి అయింది. ఇప్పుడు ధైవతం, నిషాదాల మధ్య ఖాళీ పెద్దదైంది, గొంతుకు కష్టం. అందుకని ధైవతాన్నీ పెంచారు. అలా వచ్చింది 23వ మేళకర్త గౌరీమనోహరి స్వరవరస. ఇదంతా పై షడ్జమాన్ని అందుకోవడానికి పడే పాట్లు. దిగేటప్పుడు ఆ అవసరమే లేదు. అందుకే మళ్లీ నఠభైరవి మెట్లు. జాజ్ సంగీతంలో మాత్రం ఎక్కినా దిగినా గౌరీమనోహరి స్వరాలే ఎక్కువగా వాడతారట.

భైరవిలో మారేది ధైవతం ఒక్కటే, మెలోడిక్ మైనర్‌లో నిషాదం కూడా. మనకున్న గమకాలు ఆ స్కేలుకు లేవు. రెండూ ఒకటే అని చెప్పలేం. కానీ ఎక్కే దారీ దిగే దారీ వేరుగా ఉండొచ్చని రెండు సంగీతాలూ ఒప్పుకున్నాయి. ఒప్పుకోనిది నేనొక్కణ్ణే.

"త్యాగరాజస్వామి 'గురులేక' కీర్తన గౌరీమనోహరిలోదేరా. నీకు గురువు లోపలి గదిలో ఉంది, వెళ్లు" అని అమ్మ నవ్వింది.

వెళ్లాను. "నాదే తప్పమ్మా. ఆ స్కేలు నాకూ నేర్పుతావా?" అన్నాను. కాసేపు బెట్టు చేసి వచ్చి పక్కన కూర్చుంది. పైకి బాగానే వెళ్లాను. దిగుతూ అలవాటు కొద్దీ మళ్లీ నల్ల మెట్టే నొక్కాను.

"తప్పు నాన్నా" అంది. ఫీజు మాట మాత్రం ఎత్తలేదు.