ఉప్పు గాలి, నాన్న బుల్లెట్

మాది మైపాడు పక్కన పల్లె. సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, ఇక నాన్న బుల్లెట్ ఎంత? ఇంజను సిలిండర్ పోత ఇనుము, పక్క కవర్లు అల్యూమినియం. ఒకప్పుడు ఆ కవర్లో మొహం చూసుకుని తల దువ్వుకునేవాడట. మోకాళ్ల నొప్పితో కిక్ కొట్టడం మానేసిన రెండేళ్లకి వాటిమీద తెల్లపొడి లేచింది.

సెలవుల్లో "నేను మెరిపిస్తా" అన్నాను. మెకానికల్ మూడో సంవత్సరం కదా! కాస్టిక్ సోడా కలిపి పూశాను. బుసబుసా పొంగింది, కవరు నల్లబడింది. అల్యూమినియం క్షారంలో కరిగి హైడ్రోజన్ వదులుతుందని ఇంటర్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా.

"సత్తు గిన్నెని సోడాతో తోముతారా అబ్బయా? నన్నడిగితే చెప్పేదాన్ని గదా" అనింది నానమ్మ.

నాన్న తిట్టలేదు. స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాడు. 400, 800, 1500 వాటర్ పేపర్లు. ముందు పేపర్ గీతలకి అడ్డంగా తర్వాతది రుద్దాలని చెప్పాడు. మూడు రోజులు పట్టింది. ఆఖర్న పాలిష్, పాత పంచె గుడ్డ.

"లక్కర్ కొట్టేద్దాం నాన్నా, మళ్లీ పనుండదు."

"చిన్న గీత పడినా ఉప్పు కిందికి దూరి పాకుద్దిరా. వారానికోసారి మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలు."

వారానికోసారి. నేనుండేది హాస్టల్లో.

ప్రతి ఆదివారం ఫోన్లో అడుగుతా. "తుడిచాన్లే" అంటాడు. సంక్రాంతికి వెళ్లి కవరు మీద వేలు పెట్టి చూశా. తెల్లపొడి. ఏమీ అనకుండా బకెట్లో నీళ్లు పట్టుకొచ్చా.