పాస్‌పోర్ట్ యాడుంది?

2025 జూన్ 23 రాత్రి, ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీదికి వచ్చాయన్న వార్త తెలిసిన కాసేపటికే కువైట్ కూడా విమానాలు ఆపేసింది. మేముండే ఫర్వానియాలో మాత్రం ఏ అలజడీ లేదు. కింద బకాలాలో ఎప్పటిలాగే ఖుబూస్ అమ్ముతున్నారు. అప్పుడు రాజంపేట నుంచి నాయన ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగలేదు.

"పాస్‌పోర్ట్ యాడుందిరా?"

"బీరువాలో ఉంది నాయనా."

"బీరువాలో ఎందుకు? చేతి సంచిలో పెట్టుకో."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ ప్రశ్న వెనక ముప్పై అయిదేళ్ళ కథ ఉంది.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా నాయన సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. బాబా కుటుంబం (ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానిని బాబా అనే అంటారిక్కడ) ఎండలకని వేరే దేశం వెళ్ళి ఉంది. నాయన పాస్‌పోర్ట్ బాబా లాకరులో ఉంది. అది లేకుండానే, మనవాళ్ళు రాసిచ్చిన ఒక్క కాగితంతో, బస్సుల్లో బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాలు, ఆఖరికి అమ్మాన్ నుంచి బొంబాయి విమానం. రెండు నెలల్లో దాదాపు అయిదు వందల విమానాల్లో లక్షా పదకొండు వేలమందికి పైగా అలా ఇల్లు చేరారు. నాయన ఊళ్ళోకి వచ్చేసరికి గడ్డం పెరిగి ఉంటే అమ్మ గుర్తుపట్టలేదట. ఇది మా ఇంట్లో ప్రతి పండక్కీ చెప్పుకునే కథ.

చెప్పుకోని కథ ఇంకొకటి ఉంది. నేను మొదటిసారి కువైట్ విమానం ఎక్కే ముందు రోజు రాత్రి నాయన నాకొక్కడికే చెప్పాడు.

అన్ని వేలమందిని తీసుకురావాలంటే సద్దాం ఒప్పుకోవాలి. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళారు. సద్దాంతో కౌగిలింత ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆక్రమణను మన దేశం వెంటనే గట్టిగా ఖండించలేదు. 1992లో నాయన మళ్ళీ అదే ఇంటికి, అదే పనికి వెళ్ళాడు. బాబా తమ్ముణ్ణి ఇరాకీలు పట్టుకుపోయారు, తిరిగి రాలేదు. అలా కనపడకుండా పోయిన కువైటీలు ఆరు వందలమంది దాకా ఉన్నారు. బాబా సొరుగు తీసి నాయన పాత పాస్‌పోర్ట్ చేతిలో పెట్టి, "ఇది నీకోసం జాగ్రత్తగా దాచాను. మీ మంత్రి మాత్రం వాణ్ణి కౌగిలించుకున్నాడు" అన్నాడట.

నాయన ఏమీ అనలేదు. ఏమంటాడు? ఆ కౌగిలింత వల్లే తను బతికి ఇల్లు చేరాడు.

విదేశాంగ విధానం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఆ సొరుగే గుర్తొస్తుంది. టీవీ చర్చల్లో మన దేశం గట్టిగా మాట్లాడాలి, పెద్ద దేశంలా నిలబడాలి అంటుంటారు. కుర్రతనంలో నేనూ అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు లెక్కలు చూస్తాను. 1990లో కువైట్‌లో మనవాళ్ళు లక్షా డెబ్బై వేల దాకా ఉండేవాళ్ళు, ఇప్పుడు పది లక్షలు. ఆరు గల్ఫ్ దేశాలూ కలిపితే తొంభై లక్షలు. ఆనాటి వేగంతో వీళ్ళందర్నీ తీసుకెళ్ళాలంటే పదమూడేళ్ళ పైన పడుతుంది. 2025 జూన్‌లో ఆపరేషన్ సింధు పేరుతో ఇరాన్, ఇజ్రాయెల్ నుంచి నాలుగు వేలమందికి పైగా తెచ్చారు. మంచి పనే. కానీ ఆ పద్ధతి మాకు పనికిరాదు. నిప్పు ఇక్కడికి రాకుండా చూడటం ఒక్కటే మాకు దారి.

అదేమీ చిన్న పని కాదు. ఆయుధాలకి ఇజ్రాయెల్ కావాలి. పాకిస్తాన్‌తో పని లేకుండా ఆఫ్ఘనిస్తాన్, మధ్య ఆసియా చేరాలంటే ఇరాన్‌లోని చాబహార్ రేవు కావాలి. 2024 మేలో దానికి పదేళ్ళ ఒప్పందం రాసుకున్నాం. ఆ ఇరాన్ మీదే అమెరికా ఆంక్షలు, ఆ అమెరికా కూడా కావాలి. ముడి చమురులో నూటికి ఎనభై అయిదు పాళ్ళకి పైగా బయటి నుంచే కొంటున్నాం. రాజంపేటలో అమ్మ వెలిగించే గ్యాసులో కూడా చాలా భాగం హోర్ముజ్ జలసంధి దాటి వచ్చేదే. దేశం ఎదిగేకొద్దీ బయటి చమురు మీద ఆధారపడటం పెరుగుతోంది కానీ తగ్గటం లేదు. అందుకే 2025 జూన్‌లో ఇజ్రాయెల్ దాడుల్ని ఖండిస్తూ షాంఘై కూటమి ప్రకటన చేస్తే మనవాళ్ళు ఆ చర్చలో తాము లేమని తప్పుకున్నారు. అందరితో మాట్లాడారు, ఎవర్నీ ఏమీ అనలేదు.

దీన్ని పిరికితనం అనలేను. అలాగని గొప్ప తెలివి అని చప్పట్లూ కొట్టలేను. మౌనానికీ ధర ఉంటుంది. ఎవరో ఒకరి తమ్ముడు రాని ఇంట్లో మన మౌనం గుర్తుండిపోతుంది. 1981లో ఇందిరాగాంధీ తర్వాత మన ప్రధాని కువైట్ రావటానికి 2024 డిసెంబరు దాకా, నలభై మూడేళ్ళు పట్టింది. దానికి ఆ ఫోటో ఒక్కటే కారణమని అనను కానీ, బాబా మాట విన్న ఇంటివాణ్ణి, ఏ సంబంధమూ లేదని కూడా అనలేను. అటూ ఇటూ ఊగింది కూడా తక్కువేమీ కాదు. 1991 జనవరిలో అమెరికా యుద్ధ విమానాలకి మన దగ్గర ఇంధనం పోయించారు, గొడవయ్యాక ఫిబ్రవరిలో ఆపేశారు. చమురు ధర మండి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బూ పడిపోయి, ఖజానాలో డాలర్లు అడుగంటాయి. ఆ ఏడే దేశం బంగారం తాకట్టు పెట్టింది. మా ఇంట్లో అమ్మ గాజులు అంతకు ముందే వెళ్ళాయి.

ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టక కిందికి దిగాను. మెట్ల మీద రాయచోటి కుర్రాడు కూర్చుని ఫోన్లో వార్తలు చూస్తున్నాడు. ఇరవై నంబరు వీసా, దగ్గర్లోనే ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. వాళ్ళన్న ఉండే గది మా బిల్డింగులోనే.

"అన్నా, విమానాలు మళ్ళీ ఎప్పుడు తిరుగుతాయంట?"

"పొద్దునకి తిరుగుతాయిలే." నిజానికి నాకూ తెలీదు. కాసేపాగి అడిగాను, "పాస్‌పోర్ట్ యాడుంది?"

"బాబా దగ్గర" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు నాకేసి చూసి.