వజీర్ వేలు

నాలుగు కాగితం ముక్కలు చాలు. రాజా, వజీర్, సిపాయి, చోర్ అని రాసి, మడిచి, గుప్పిట్లో కదిలించి నేలమీద వేస్తే ఆట మొదలు. మా షాదీ ఇళ్ళల్లో, రంజాను రాత్రుల్లో సహరీ దాకా మేలుకుని పిల్లలందరం ఆడేది ఇదే. వీధిలోకెళ్తే వజీర్ మంత్రి అయ్యేవాడు, సిపాయి పోలీసు అయ్యేవాడు. కొన్ని అరుగుల మీద రాముడు, సీత అని రాసుకుని ఆడేవాళ్ళు. రాముడి చీటీ వచ్చినవాడు సీత చీటీ ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి. నేను రాముణ్ణీ అయ్యాను, సీతనీ అయ్యాను. ఎవరికీ తప్పనిపించలేదు.

మా ఇంటి లెక్క ఇది. రాజాకి 1000, వజీర్‌కి 800, సిపాయికి 500, చోర్‌కి సున్నా. రాజా, వజీర్ బయటపడతారు. మిగిలిన ఇద్దరిలో దొంగెవరో వజీర్ వేలు పెట్టి చూపించాలి. సరిగ్గా చూపిస్తే 800 తనవే. తప్పితే అవి దొంగకి పోతాయి, వజీర్‌కి సున్నా. ఉన్నది ఇద్దరే గనక కళ్ళు మూసుకుని చూపించినా సగం సార్లు సరిపోతుంది. మిగతా సగం కోసమే మొహాలు చదవడం. చోర్ చీటీ వస్తే మా ఫుప్పూ కొడుక్కి చెవులు ఎర్రబడేవి. మాకు ఆటంతా ఆ చెవుల్లోనే ఉండేది.

ఈ ఆటని ఫోన్లోకి దించాలని మా అమ్మాయి కూచుంది. కంప్యూటర్లు చదివిన పిల్ల. మా అన్న కొడుకు జెద్దాలో ఉన్నాడు, ఇంకొందరు హైదరాబాద్‌లో ఉన్నారు. ఎక్కడివాళ్ళక్కడ కూచుని నాలుగు ఫోన్లలో ఆడాలి. చీటీలు కలపడం చిటికెలో పనంది. దానికి పద్ధతి 1938లోనే ఫిషర్, యేట్స్ అనే ఇద్దరు రాసిపెట్టారట. అసలు చిక్కు వేరే. ఫోన్లో చెవులు కనపడవు. మొహం పోయాక వజీర్ ముందు మిగిలేది పేరొక్కటే.

నమూనా తయారయ్యాక తోటివాళ్ళతో ఆడించి చూసింది. రెండో రోజు తన పేరు తీసేసి 'జామకాయ' అని పెట్టుకుంది. ఎందుకమ్మా అన్నాను.

"పేరు చూడగానే ఒకడు, ఆట మొదలవకముందే దొంగ దొరికిందన్నాడబ్బా. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

ఆ నవ్వు నాకు తెలుసు. పేరడిగి, ఇల్లు ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామని చెప్పిన ప్రతి గడప ముందూ నేను నవ్వి వచ్చేసిన నవ్వే అది.

తర్వాత అందరికీ పళ్ళ పేర్లే పెట్టింది. జామ, రేగు, మామిడి, సీతాఫలం. ఆట సాఫీగా సాగింది. నాకు మాత్రం అది గొంతు దిగలేదు. పేరు దాచుకుంటేనే సమానంగా చూసే చోట మనం గెలుచుకున్నదేమిటి?

నియమాలు రాస్తున్నప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. "వేలు తప్పుగా పడితే సిపాయికి ఏం రాయాలబ్బా?" కాగితం ఆటలో ఆ ప్రశ్నే లేదు. దొంగ కాని వాణ్ణి దొంగన్నారు, అంతే. అతని 500 అతనికే. 1986-87లో మాస్కో విశ్వవిద్యాలయంలో దిమిత్రీ దవిదోవ్ అల్లిన మాఫియా ఆట అలా వదలదు. ఎక్కువమంది వేలు చూపితే నిర్దోషైనా ఆటలోంచి లేచిపోవాల్సిందే. 2018లో వచ్చిన అమాంగ్ అస్‌లో అలాంటివాణ్ణి ఓడలోంచి శూన్యంలోకి తోసేస్తారు.

ఫోను బయట ఏం జరుగుతుందో మీకూ తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. శుక్రవారం నమాజుకొచ్చినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయినవాళ్ళలో ముస్లిం కుర్రాళ్ళు పదుల్లో ఉన్నారు. కేసులు కోర్టుల్లో నిలవలేదు. ప్రభుత్వం వాళ్ళకి నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునీ కొట్టేసింది. ఇందులో వేలు చూపించిన వజీర్‌కి ఎన్ని పాయింట్లు పోయాయో మీరే లెక్కేయండి.

మా అమ్మాయి చివరికి ఇలా రాసింది. వేలు తప్పితే వజీర్ 800 దొంగకి కాదు, సిపాయికి పోతాయి. ఎవరెన్నిసార్లు తప్పుగా వేలు చూపించారో వాళ్ళ పేరు పక్కనే ఆట అయ్యేదాకా కనపడుతుంది. జెద్దా కుర్రాడు వెంటనే లొసుగు పట్టేశాడు. "అట్లయితే సిపాయి కావాలనే దొంగ మొహం పెడతాడు గదా!"

"ఫోన్లో మొహమెక్కడుంది భాయీ, ఉన్నది పేరే గదా" అంది.

పళ్ళ పేర్లు తీసేసింది. తన పేరు షేక్‌తో సహా పూర్తిగా పెట్టుకుంది. ఆడినవాళ్ళలో ఒకరిద్దరు ఆట నెమ్మదించిందన్నారు. వేలు ఎత్తేముందు వజీర్ ఆగుతున్నాడట.

ఆగనీ.