మూడు మలుపులు

మా ప్రాంతమనగానే మాకు ముందు జ్ఞాపకము వచ్చేవి వీధి మలుపులే.

ధర్మవరంలో ఒక మలుపు తిరగగానే గుంట మగ్గాల చప్పుడు వినబడేది. తండ్రి పట్టుచీర నేస్తుంటే తల్లీ పిల్లలూ కండెలు చుట్టేవారు. మరమగ్గాలు వచ్చాక ఎన్నో ఇండ్లలో ఆ చప్పుడు ఆగిపోయింది.

పెనుకొండ, 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధాని. ఆ కోట కింది మలుపులోనే, వాన తప్పిన ఏడాది, మూటలతో బెంగుళూరు బస్సెక్కే రైతు కుటుంబాలను చూచాము. 2019లో దగ్గరలోనే ఎర్రమంచి వద్ద కార్ల ఫ్యాక్టరీ తెరిచారు. కొందరు బిడ్డలకైనా ఇంటి దగ్గరే పని దొరికింది.

పుట్టపర్తి 2022లో జిల్లా కేంద్రమైనది. అక్కడ 1991లో ప్రారంభమైన పెద్ద ఆసుపత్రికి మా పెద్దమ్మను గుండె ఆపరేషన్‌కు తీసికొని వెళ్ళాము. ఆ రాత్రి బయట మలుపులో దిగులుగా కూర్చొని ఉంటే, పక్కనున్న ముసలి రైతమ్మ తన మూట విప్పి రాగిముద్ద, ఊరిబిండి మా చేతిలో పెట్టింది. "తినండి నాయనా, పొద్దున బలం కావల్ల" అన్నది. మా మతమేదో ఆమె అడుగలేదు, ఆమెదేదో మేమూ అడుగలేదు. పెద్దమ్మ కోలుకొన్నది.

అంగళ్ళు మారతాయి, రోడ్లు వెడల్పవుతాయి. మేము మాత్రము దానిని ఇప్పటికీ ముద్దమ్మ మలుపు అనే పిలుచుకొంటాము. మీ ఊరిలోనూ అటువంటి మలుపు ఉంటే, మీ పిల్లలకు చూపించండి.