ఎదురు తిరిగిన కంప్రెసర్

మోటారు అలిగి వెనక్కి తిరుగుతుందంటే నమ్ముతారా? వరంగల్ స్టేషన్ రోడ్డులో మా మరిదికి పాలదుకాణం ఉంది. అందులో చల్లగదికి కంప్రెసర్ కొన్నది మా తోటికోడలి గాజులు తాకట్టు పెట్టి. గాలివానకు తెగిన కరెంటు తీగలు కలిపారో లేదో, అది గరగరా అరవడం మొదలెట్టింది. చప్పుడే గానీ చల్లదనం లేదు!

మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయన్నాడు మెకానిక్. ఇది స్క్రోల్ రకమట. లోపలి చుట్టలు గ్యాసును నొక్కాలి. ఎదురు తిరిగితే నొక్కడం ఉండదు, వేడెక్కి పాడవడమే. పిస్టన్లవి కొన్ని ఎటు తిరిగినా సర్దుకుపోతాయట, పాపం ఇల్లాళ్లలాగా.

రెండు తీగలు అటూ ఇటూ మార్చగానే దారికొచ్చింది. ఫేజుల వరుస తప్పితే మోటారును కదలనివ్వని రిలే పెట్టించమన్నాడతను.

"చూద్దాంలే వదినా" అన్నాడు మరిది.

తోటికోడలు పోపులడబ్బాలోంచి నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వే తెప్పించక్కా. గాజులింకా విడిపించలేదు."