హంతకుడెవరు?

మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక ఒక కోర్టు నడుస్తుంది. జడ్జీలం మేమే, ప్లీడర్లం మేమే. ఈ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ రాత్రులు నడిచిన కేసు అమెరికాలోని ఓ.జె. సింప్సన్‌ది.

1994 జూన్ 12 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో సింప్సన్ మాజీ భార్య నికోల్ బ్రౌన్, ఆమె స్నేహితుడు రొనాల్డ్ గోల్డ్‌మన్ కత్తిపోట్లకు బలయ్యారు. సింప్సన్ పేరుమోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, సినిమా నటుడు. 1995 అక్టోబరు 3న జ్యూరీ అతణ్ణి నిర్దోషి అన్నది. 1997లో సివిల్ కోర్టులో మరో జ్యూరీ ఆ చావులకు అతనే బాధ్యుడన్నది. 2024లో అతనూ పోయాడు. 'మరి చంపిందెవరు?' అన్న ప్రశ్న మాత్రం పోలేదు. మాదకద్రవ్యాల ముఠా అన్నారు కొందరు. 2012లో ఒక డాక్యుమెంటరీ గ్లెన్ రోజర్స్ అనే హంతకుడి పేరు ముందుకు తెచ్చింది; పోలీసులు నమ్మలేదు. కోర్టు ఎన్నడూ బోనెక్కించని వాళ్ళ మీద కూడా పుస్తకాలొచ్చాయి.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇ.డి.టి.ఎ. అవును, మనం ల్యాబులో నీటి కాఠిన్యం కొలిచే ఇ.డి.టి.ఎ.యే! పరీక్షకు తీసిన రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో దాన్నే వేస్తారు. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. సింప్సన్ దగ్గర తీసిన రక్తంలో కొంతకు లెక్క తేలడం లేదనీ, నికోల్ ఇంటి వెనక గేటుకు పోలీసులే దాన్ని పూశారనీ డిఫెన్సు వాదన. అదే నిజమైతే మరకలో ఇ.డి.టి.ఎ. ఉండాలి. పరీక్షలో ఆనవాలు లాంటిది కొంచెం కనబడింది. డిఫెన్సు నిపుణుడు అదే రుజువన్నాడు. ఎఫ్.బి.ఐ. నిపుణుడేమో ఏమీ కలపని తన సొంత రక్తాన్నే పరీక్షించి చూశాడు. అందులోనూ అలాంటి ఆనవాలే! మన ప్రాక్టికల్స్ భాషలో చెప్పాలంటే బ్లాంక్ రీడింగు తీశాడన్నమాట.

ఇంకొకటి. శవాల దగ్గరి రక్తపు చుక్కల్ని 13వ తేదీ ఉదయమే సేకరించారు. సింప్సన్ రక్తం తీసింది ఆ మధ్యాహ్నం. గేటుకు సరిపోయిన కథ ఆ చుక్కలకు సరిపోలేదు. వాటికోసం, ల్యాబులో కలుషితమయ్యాయని వేరే వాదన తేవలసి వచ్చింది.

ఇదంతా మా హాస్టల్ కోర్టులో నేను గొప్పగా చెప్పేవాణ్ణి. ఒక రాత్రి అట్లా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. మా ఊరి సంగతి గుర్తుకొచ్చింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా బోరు దగ్గర మోటారు పోయింది. అప్పు చేసి కొన్న మోటారు. శెనక్కాయ పైరు ఎండుతోంది. రచ్చకట్ట దగ్గర తలా ఒక మాట. అప్పుడు నేనన్నాను: "రాత్రి మా జీతగాడి కొట్టం దిక్కు లైటు చూసినా." అంతే అన్నాను. మిగతాది ఊరు కలుపుకుంది. మా నాయన ఆయన్ని పిలిచి అడిగాడు. ఆయన నాయనకు జవాబు చెప్పలేదు, నా దిక్కు తిరిగి, "నువ్వు నన్ను చూసినావా అబ్బీ?" అన్నాడు. నేను నేలచూపులు చూశాను. ఆ వారంలోనే పెళ్ళాం బిడ్డలతో ఊరు విడిచిపోయాడు.

తరువాత సెలవుల్లో ఒక రాత్రి నాయనతో చేను కాడ పడుకున్నాను. అదే దిక్కున లైటు. మరునాడూ అదే లైటు. అడవిపందుల కోసం పక్కచేను వాళ్ళు కాపలా తిరుగుతున్నారు. ప్రతి ఏడూ పంటకాలంలో తిరుగుతారట. దొంగతనం జరగని రాత్రి ఆ దిక్కున ఏముంటుందో నేను ఒక్కసారైనా చూసి ఉంటే!

మోటారు ఎవరు తీశారో ఈనాటికీ తేలలేదు. నాయనకు ఈ మాట చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ మాట ఆ పొద్దే చెప్పింటే బాగుండు" అన్నాడు.

మిత్రులారా, అనుమానించడం తప్పు కాదు. అనుమానం లేకపోతే సైన్సే లేదు. కానీ ఒక మనిషి మీద అనుమానం పడేముందు బ్లాంకు తీశామా అని అడుగుకోవాలి. మా కోర్టులో గోల్డ్‌మన్ పేరు ఎవరమూ ఎత్తం. నికోల్ తల్లి హోటల్ దగ్గర పోగొట్టుకున్న కళ్ళద్దాలు ఇచ్చి రావడానికి వెళ్ళిన పాతికేళ్ళ కుర్రవాడు. కథలన్నీ మనవి, చావు అతనిది.

సంక్రాంతి సెలవుల్లో మా జీతగాడు ఇప్పుడే ఊళ్ళో ఉన్నాడో కనుక్కొని పోవాలనుకుంటున్నాను. ఆయన అడిగిన దానికి నేను జవాబు బాకీ ఉన్నాను. "లేదన్నా, నేను నిన్ను చూడలేదు."