కనపడని మెలి

వానలు మొగం చాటేసిన ఏడు, సెలవులకు బుక్కరాయసముద్రంలో మా స్నేహితుని చేనికి పోయినాము. వేరుశెనగకు నీళ్ళు కడుతుంటే ఆయిలింజను షాఫ్టు ఉన్నట్టుండి తెగింది. చేను ఎండిపోయింది. అంతవరకూ ఇంజను బాగానే ఆడుతోందనుకున్నాము.

తరువాత పాలిటెక్నిక్‌లో చదువుకున్నాము. షాఫ్టుకు కంపనాలు మూడు రకాలు. పొడవునా ముందుకూ వెనక్కూ ఆడితే లాంగిట్యూడినల్. విల్లులా అటూ ఇటూ వంగితే ట్రాన్స్‌వర్స్. మెలిపడి విడుతుంటే టార్షనల్. మొదటి రెండూ బేరింగు మీద చెయ్యి పెడితే చాలావరకు తెలుస్తాయి. మూడోది అంత సులభంగా తెలియదు. సిలిండరులో డీజిల్ మండిన ప్రతిసారీ షాఫ్టుకు ఒక మెలి. ఆ మెలుల లయ షాఫ్టు సహజ లయతో కలిస్తే, ఇనుము లోలోపలే అలసి విరుగుతుంది. ఆ రోజు జరిగింది అదేనేమో!

హాస్టల్లో దుప్పటి ముసుగులో ఏడ్చిన రాత్రులు మాకూ ఉన్నాయి. తమ్ముళ్ళారా, లోపలి మెలి చెప్పుకోండి. అన్నలారా, మీరే ముందు అడగండి.